నా మాటని చెప్పు

చూరు కింది రేకు కాలువలో ఎండాకాలమంతా ఆకులు పడుతూనే ఉంటాయి. ఎండ ముదిరిన కొద్దీ యూకలిప్టస్ చెట్టు ఆకూ బెరడూ రాలుస్తుంది. ఆ ఎండుటాకుల్లో ఒక్క నిప్పురవ్వ పడితే ఇల్లు పైనుంచి అంటుకుంటుంది. అందుకని వారానికి రెండుసార్లు నిచ్చెన ఎక్కి చేత్తో తోడి కింద పోస్తాను. తోడిన ప్రతిసారీ గ్రెయమ్ కింద నిలబడి, "ఆ మూల వదిలేశావు బెవ్" అంటాడు. నిచ్చెన పట్టుకోడు.

గ్రెయమ్ నా మొగుడు. మా టాన్నర్స్ రోడ్డు అగ్నిమాపక దళానికి ఇరవై రెండేళ్ళుగా కెప్టెన్. జీతం లేని పని. ఆ మాట అందరూ గౌరవంగా అంటారు. నేను చేసేవాటికీ జీతం లేదు. ఆ మాట ఎవరూ అనరు.

మంటల రోజు ఎవరు ఏం చెయ్యాలో రాసిన కాగితం ఈ కొండల్లో ప్రతి ఇంట్లోనూ ఫ్రిజ్ తలుపు మీద ఉంటుంది. మా ఇంటి కాగితం గ్రెయమ్ చేతిరాత. అతని పేరు ఎదుట ఒకటే మాట: ట్రక్కు. నా పేరు ఎదుట రాసినవి గీత దాటి కాగితం అంచు మీదకి పాకాయి. ఇల్లు, అమ్మ, కుక్కలు, పంపు, రేకు కాలువలు, తడి తువ్వాళ్ళు, ఫోను, దళానికి తిండి. అమ్మ అంటే వాళ్ళమ్మ, ఐవీ. ఎనభై ఎనిమిదేళ్ళు. నాలుగు కాళ్ళ స్టాండు పట్టుకుని నడుస్తుంది. పంపు అంటే ట్యాంకు నీళ్ళు గొట్టంలోకి తోడే పెట్రోలు పంపు. దాన్ని ఎలా స్టార్ట్ చెయ్యాలో నేర్పమని మూడు వేసవులు అడిగాను. మూడుసార్లూ తనే తాడు లాగాడు. "చూశావా, అంతే. నువ్వు ముట్టుకోకు, చోక్ పాడుచేస్తావు" అన్నాడు. ముట్టుకోకూడని పంపుతో నేను ఇల్లు కాపాడాలి. చివరికి అతను ట్రక్కు మీద పోయిన ఒక మధ్యాహ్నం నేనే లాగి లాగి నేర్చుకున్నాను. అరచేతులు బొబ్బలెక్కాయి. ఏమైందని అడిగితే, ఆకులు ఊడ్చానని చెప్పాను. నేర్చుకున్నానంటే, నేనే కదా నేర్పింది అంటాడు. ఆ సంతోషం అతనికి ఇవ్వదలుచుకోలేదు.

ట్రక్కు కదిలిందంటే నలభై శాండ్‌విచ్‌లు చెయ్యాలి. గుడ్డువి కొన్ని, ఉప్పు మాంసం, ఆవ పచ్చడి వేసి కొన్ని. మగవాళ్ళు మసి చేతులతో తిని, "ఈసారి గుడ్డువి ఎక్కువయ్యాయి బెవ్" అంటారు. వాళ్ళు మంటల్లో వేసుకునే పసుపు బట్టలు ఉతికితే నీళ్ళు నల్లగా పారతాయి. దళానికి ముప్ఫై ఏళ్ళు నిండినప్పుడు సభ పెట్టారు. మగవాళ్ళకి పతకాలు ఇచ్చారు. వంటింటి ఆడవాళ్ళకి తలా ఒక గిన్నెలు తుడిచే గుడ్డ ఇచ్చారు, దాని మీద దళం ముద్ర. ఆ రోజు గిన్నెలు వాటితోనే తుడిచాం.

ఇక ఫోను. ఈ లోయలో సెల్లు పలకదు. అందుకని ఫోను గొలుసు పెట్టుకున్నారు. కబురు నా దగ్గర మొదలవుతుంది. నేను ఇద్దరికి చేస్తాను. వాళ్ళు చెరో ఇద్దరికి, వాళ్ళు మళ్ళీ తలా ఇద్దరికి. పావుగంటలో రోడ్డు మీది పద్నాలుగు ఇళ్ళకీ అందుతుంది. ఆ టైముకి మగవాళ్ళు ట్రక్కులుండే షెడ్డులో ఉంటారు కాబట్టి ఎత్తేది ఆడవాళ్ళే. గొలుసుకి ఒకటే నియమం. విన్నది విన్నట్టు చెప్పాలి. ఒక్క ముక్క కలపకూడదు, తియ్యకూడదు. ఆ నియమం పెట్టిన రోజు గ్రెయమ్, "ఆడవాళ్ళ నోళ్ళు కదా, పద్నాలుగో ఇంటికి పోయేసరికి అగ్గిపుల్ల కాస్తా అడవి అవుద్ది" అన్నాడు. మగవాళ్ళు నవ్వారు. మేమూ నవ్వాం. అప్పటినుంచి గొలుసు ఎప్పుడూ "గ్రెయమ్ చెప్పాడు" అని మొదలవుతుంది. గొంతు నాది, మాట అతనిది.

పదకొండేళ్ళ కిందట ఒక ఫిబ్రవరి పొద్దున, మాకు అది నడి ఎండాకాలం, అలాగే చెప్పాను. గ్రెయమ్ చెప్పాడు, ట్రక్కులు సిద్ధంగా ఉన్నాయి, ఇంటి దగ్గరే ఉండి చూడండి, కంగారు పడొద్దు. నేను చేసే ఇద్దరిలో ఒకతె రోడ్డు చివరి ఇంటి థెల్మా. ఆమె విని ఊరుకోలేదు. "అది సరే. నువ్వైతే ఏం చేస్తావు బెవ్? వెళ్ళేదానివా?" అని అడిగింది. నేను అయితే వెళ్ళేదాన్ని. ఆ రోజు నా కడుపులో అదే ఉంది. కలపకూడదు కదా. "ఆగమన్నాడు" అన్నాను. "సరే అయితే" అని పెట్టేసింది. ఆగింది. ఏడు గంటలు ఆగి, రెండింటికి పొగ ముంచుకొచ్చాక కారు తీసింది. మా రోడ్డుకి ఒకటే దారి, చెక్క వంతెన మీదుగా. వంతెన ఇవతల చెట్టు పడి ఉంది. ఆ తర్వాత జరిగింది నేను చెప్పను. ఆమె మొగుడు లెస్ అప్పుడు ట్రక్కు మీద, గ్రెయమ్ వెనక సీట్లో ఉన్నాడు.

విచారణకి వచ్చినవాళ్ళు ఆలస్యంగా బయల్దేరింది అని రాసుకుపోయారు. ఎందుకు ఆలస్యమైందని నన్నెవరూ అడగలేదు. వాళ్ళ దృష్టిలో నేను ఫోను తీగని. గ్రెయమ్, "పాపం, ఆడమనిషి, కంగారు పడింది" అన్నాడు. ఏడు గంటలు కదలకుండా కూర్చున్న మనిషిని కంగారు పడింది అన్నాడు. ఎదురుగానే ఉన్నాను. ఆ మాటా దిద్దలేదు. లెస్ ఆ రోజు నుంచి కొట్టులో నేను కనిపిస్తే రొట్టె తీసుకుని తల తిప్పుకుని పోతాడు. అతని మీద నాకు కోపం లేదు. గ్రెయమ్‌తో మాత్రం బాగానే మాట్లాడతాడు, దాని మీద ఉంది.

ఈ జనవరిలో ఒక సోమవారం సాయంత్రం రేడియో మర్నాటి సంగతి చెప్పింది. నలభై ఐదు డిగ్రీలు, ఎడారి మీంచి వచ్చే ఉత్తరపు వడగాలి. ప్రమాదం విపత్తు స్థాయి, దాని పైన ఇంక మెట్టు లేదు. ఆ స్థాయి చెప్పిన రోజు ఇల్లు కాపాడుకోవడం గురించి మాట్లాడరు. పొగ కనిపించకముందే వెళ్ళిపొమ్మంటారు. గ్రెయమ్ బంగాళాదుంప కోసుకుంటూ, "పట్నంలో ఏసీ గదుల్లో కూర్చున్నోళ్ళకి గాలి వీస్తే విపత్తే. మొన్న డిసెంబర్లోనూ ఇట్లానే అన్నారు, ఏమైంది?" అన్నాడు. ఐవీ కొడుకు వంక చూసి తలాడించింది. "మా అమ్మ తడిపిన గోనెసంచితో మంటని కొట్టి కొట్టి ఆర్పింది. గౌను అంచు అంటుకున్నా వాకిలి వదల్లేదు" అంది. ఆ కథ నా పెళ్ళయినప్పటి నుంచి వింటున్నాను. ఎప్పుడు చెప్పినా నా వైపు చూసే చెప్తుంది.

మంగళవారం అయిదింటికే గ్రెయమ్ షెడ్డుకి పోయాడు. ఆరింటికి నేను వాకిట్లోకి వచ్చాను. గాలి అప్పటికే పొయ్యి తలుపు తీసినట్టుంది. రోజూ తెల్లారకముందే కూసే మాగ్‌పై పిట్ట ఒక్కటి కూడా అరవలేదు. కుక్కలు బల్ల కింద నుంచి రానన్నాయి. గడ్డి పిడికిట్లో పట్టుకుంటే పొడిపొడి అయింది. ఈ వాకిట్లో ముప్ఫై వేసవులు నిలబడినదాన్ని. నాకు తెలిసిపోయింది. ఈ రోజు మనిషి ఉండాల్సిన చోటు కాదిది.

తెలిసి ఏం చేశాను? షెడ్డుకి ఫోను చేశాను. బ్రెట్ అనే కుర్ర డ్రైవరు ఎత్తాడు. "కెప్టెన్ పనిలో ఉన్నాడు బెవ్. తర్వాత చేస్తాడంట. శాండ్‌విచ్‌లు ఇవాళ పెందలాడే పంపమన్నాడు." సరే అన్నాను. స్నానాల తొట్టి నీళ్ళతో నింపాను. తువ్వాళ్ళు తడిపి తలుపుల కింద దోపాను. ఉన్ని బట్టలు వేసుకున్నాను. నైలాను సెగకి కరిగి ఒంటికి కరుచుకుపోతుంది కనక ఇలాంటి రోజు ఉన్నే వేసుకోవాలి. చెమట కారుతుంటే రొట్టెలకి వెన్న రాస్తూ గోడ మీద ఫోను వంక చూస్తూ నిలబడ్డాను. ఏడున్నరకి మోగింది.

"రాసుకో. ట్రక్కులు రెండూ సిద్ధం. ఇంటి దగ్గరే ఉండి చూడండి. ఎవరూ కంగారు పడొద్దు."

"గ్రెయమ్, రేడియో వెళ్ళిపొమ్మంటోంది."

"రేడియోకి ఈ కొండ తెలుసా? నాకు తెలుసు."

"నాకూ తెలుసు. నేను అమ్మని తీసుకుని కిందికి పోతున్నాను."

గ్రెయమ్ గొంతు తగ్గించాడు. పక్కన మనుషులున్నారని అర్థమైంది. "పిచ్చి వేషాలెయ్యకు బెవ్. కెప్టెన్ ఇల్లే ఖాళీ అయిందంటే రోడ్డంతా కదులుద్ది. పెళ్ళాం ఎటు పోయిందో తెలీకపోతే ట్రక్కు మీద ఒక్కడు నిలబడడు. అప్పుడు మంటొస్తే ఎవడు ఆర్పుతాడు, నువ్వా? చెప్పింది చెప్పు. శాండ్‌విచ్‌లు ఎనిమిదింటికల్లా పంపు."

పెట్టేశాడు. అతను అన్నదాంట్లో నిజం ఉంది. అది నాకు కొత్త నిజం. మేము కదలకుండా కూర్చున్నది ఇళ్ళు కాపాడటానికి కాదు. మగవాళ్ళు ట్రక్కు దిగకుండా ఉండటానికి. థెల్మా ఆ ఏడు గంటలూ కూర్చుంది అందుకు. ఆమెకి ఆ సంగతి ఎవరూ చెప్పలేదు. చెప్పి ఉంటే, సరే కూర్చుంటాను అనేదేమో, ఛీ పొమ్మనేదేమో. అడగలేదు కదా.

కొలీన్‌కి చేశాను. గొలుసులో ఒక కొమ్మ ఆమెది.

"కొలీన్, నేను బెవ్‌ని. గ్రెయమ్ చెప్పాడు, ట్రక్కులు సిద్ధం, ఇంటి దగ్గరే ఉండి చూడమంటున్నాడు. నేను వెళ్ళిపోతున్నాను. రెండూ చెప్పు."

"రెండూనా? గొలుసులో ఒక్క మాటే కదమ్మా పోవాల్సింది?"

"ఇవాళ రెండు పోతాయి."

"రెండోది ఎవరి మాటని చెప్పను?"

"నా మాటని చెప్పు."

"మీ ఆయన నిన్ను..." అని ఆగి, "సర్లే, చెప్తా" అంది.

రెండో ఫోను మావిస్‌కి. థెల్మా పోయాక ఆ కొమ్మ ఆమెకి వచ్చింది. మావిస్ మొగుడు పోయి పదేళ్ళు. ఎవరిని అడగక్కర్లేని ఆడది మా రోడ్డు మీద ఆమె ఒక్కతే. అంతా విని, "బతికించావు. కోళ్ళని బుట్టలో వేసి గంటయింది. నేనొక్కదాన్నే పోతే ముసలిదానికి మతిపోయిందంటారని ఆగాను" అంది.

ఐవీ ముందు గదిలో రేడియో దగ్గర కూర్చుని ఉంది. అంతా వింది. నేను కుక్కల్ని కారెక్కించి వచ్చేసరికి కట్టుడు పళ్ళు పెట్టుకుని, చేతిసంచి ఒళ్ళో పెట్టుకుని ఉంది.

"అమ్మా, పద" అన్నాను. గొడవపడుతుందని సిద్ధంగానే ఉన్నాను.

"గ్రెయమ్‌కి తెలుసా?"

"చెప్పాను."

"సరే, ఆ స్టాండు ఇటు తే."

సగం చేసిన శాండ్‌విచ్‌లు పళ్ళెంతో సహా వెనక సీట్లో పెట్టాను. చెక్క వంతెన దాటాక ఐవీ రోడ్డు చూస్తూ, "మా అమ్మ ఆ వాకిట్లో ఉండిపోయింది ధైర్యంతో కాదు పిల్లా" అంది. "గుర్రబ్బండి నాన్న తీసుకుపోయాడు. ఆర్పడానికి పోయాడని చెప్పేవాళ్ళు. కొండవతల సారాయి కొట్టు దగ్గర దొరికాడు. అమ్మకి బండి లేదు. అందుకే ఉండిపోయింది."

ముప్ఫై ఏళ్ళు ఆ గోనెసంచితో నన్ను కొట్టిన మనిషి. "మరి నాకెందుకు అలా చెప్పావు?" అని అడిగాను.

"అమ్మ నాకు అట్లానే చెప్పింది" అంది.

కింది ఊరి ఆటస్థలంలో తొమ్మిదింటికల్లా నాది కాక మా రోడ్డు కార్లు తొమ్మిది చేరాయి. మిగతా అయిదిళ్ళ వాళ్ళు గ్రెయమ్ మాట విన్నారు. వినొచ్చు. రెండూ చెప్పమన్నది అందుకే. పందిరి కింద కోళ్ళు, పిల్లులు, ఫోటోల పెట్టెలు. కవలపిల్లల్ని చెరో చంకనేసుకుని జోసీ నా దగ్గరికి వచ్చింది. మా రోడ్డుకి వచ్చి ఏడాదే అయింది, పాతికేళ్ళు కూడా ఉండవు. "మా ఆయన చంపేస్తాడు ఆంటీ, చెప్పకుండా వచ్చేశా" అంది. మావిస్, "ముందు బతికుండు. అప్పుడు చంపుతాడులే తీరిగ్గా" అంది. ఆడవాళ్ళంతా పగలబడి నవ్వారు. దళం శాండ్‌విచ్‌లు పిల్లలు తినేశారు. గుడ్డువే ముందు అయిపోయాయి.

మధ్యాహ్నం రెండయింది. కొండ మీద ఆకాశం నీలంగానే ఉంది. పిల్లలు విసిగి ఏడుస్తున్నారు. ఒకరిద్దరు నా వైపు చూసి చూపు తిప్పుకున్నారు. అప్పుడు నేను ఒక పని చేశాను. చెప్పడానికి సిగ్గుగా ఉంది, అయినా చెప్తాను. పొగ రావాలని కోరుకున్నాను. ఎక్కువ కాదు, కొండ వెనక ఒక చార. అందరూ చూసేట్టు. అది రాగానే నేను పిచ్చిదాన్ని కానని తేలిపోతుంది. ఎవరిదో అడవి, ఎవరివో గొర్రెలు కాలాలి, నా పరువు కోసం. అలా ఒక నిమిషం కొండ వంక ఆశగా చూశాను. తర్వాత నా మీద నాకే అసహ్యం వేసింది. ఆ వెంటనే కోపం వచ్చింది. గ్రెయమ్ మాట తప్పయిన రోజు థెల్మా కంగారు పడిందన్నారు. అతని మాట తప్పయితే ఒక ఆడది కంగారు పడి ఉంటుంది. నా మాట ఒప్పు కావాలంటే మాత్రం కొండ కాలాలి. ఈ తూకం ఎవరు పెట్టారు? నేను దాన్ని ఇన్నేళ్ళూ ఎందుకు మోశాను? పొగ రాకపోయినా నేను వెళ్ళింది సరైనదే. ఆరింటికి ఆ గాలిలో నిలబడి తెలుసుకున్నది సాయంత్రం ఏం జరిగినా మారదు. ఈ మాట నాకు నేను చెప్పుకోవడానికి ఆటస్థలంలో ఇంకో రెండు గంటలు పట్టింది. నాలుగింటికి గాలి తిరిగి దక్షిణం నుంచి చల్లగా వీచింది. మంట రాలేదు.

ఇంటికి వచ్చేసరికి గ్రెయమ్ వంటింట్లో నిలబడి డబ్బాలోంచి చల్లటి చిక్కుళ్ళు చెంచాతో తింటున్నాడు. ఐవీ పలకరించకుండా తన గదిలోకి పోయింది.

"మంట ఎక్కడొచ్చింది బెవ్? చెప్పు, ఎక్కడొచ్చింది?"

"రాలేదు."

"రాలేదు. ముగ్గురు ట్రక్కు దిగి పెళ్ళాల్ని ఎతుక్కుంటా పోయారు. ఇరవై రెండేళ్ళలో నా ట్రక్కు ఎవడూ దిగలా. అప్పుడు మంటొచ్చుంటే?"

"వచ్చుంటే వాళ్ళ పెళ్ళాలు బతికుండేవాళ్ళు."

డబ్బా బల్ల మీద కొట్టాడు. "పొద్దుటి నుంచి ఒక్కడికి తిండి లేదు. షెడ్డులో నా మొహం ఎక్కడ పెట్టుకోవాలి? కెప్టెన్ పెళ్ళామే పారిపోయిందంట అని పక్కూరి దళం వాడు దళాల వైర్‌లెస్‌లో నవ్వాడు."

అతనికి బాధగా ఉంది. అది నటన కాదు. కాని ఆ బాధలో నేను లేను, వాళ్ళమ్మ లేదు. అయిదు నిమిషాలు ఎదురుచూశాను, మీరిద్దరూ బాగానే ఉన్నారా అని అడుగుతాడేమోనని. చిక్కుళ్ళు అయిపోయాయి. చెంచా సింకులో వేశాడు.

గురువారం సాయంత్రం దళం సమావేశం. కారులో పోతూ నాకు పాఠం చెప్పాడు. "భయపడ్డాను, తప్పయింది అను. రెండు ముక్కలు. వాళ్ళు మంచోళ్ళే, సర్దుకుంటారు. ఫోను లిస్టు ఇక బ్రెట్ ఇంటి నుంచి మొదలవుద్ది, వాడి పెళ్ళాం చెప్పింది చెప్తుంది." నేను అద్దంలోంచి రోడ్డు చూస్తున్నాను. సరే అనలేదు, కాదనలేదు. అతను సరే అనుకున్నాడు.

ట్రక్కులు బయటికి తీసి షెడ్డులో బల్లలు వేశారు. మగవాళ్ళు ముందు, ఆడవాళ్ళు టీ మరిగే చోట. లెస్ చివరి బల్ల మీద నేల చూస్తూ కూర్చున్నాడు. గ్రెయమ్ లేచి పంపులు, గొట్టాలు, డీజిలు అన్నీ మాట్లాడి, "మంగళవారం సంగతి. బెవ్ ఒక మాట చెప్తానంది" అని చేతులు కట్టుకుని కూర్చున్నాడు.

నేను లేచాను. చేతిలో టీ కప్పు ఉంది. దాన్ని పక్కన పెట్టాను.

"తప్పయింది" అన్నాను.

షెడ్డు తేలిగ్గా ఊపిరి పీల్చుకుంది. ముందు బల్ల మీద ఎవరో, "సర్లే బెవ్, ఎండకి ఎవరికైనా బుర్ర తిరుగుద్ది" అన్నాడు. గ్రెయమ్ నా వైపు చూసి తలాడించాడు, ఇక కూర్చోమన్నట్టు.

కూర్చోలేదు. "నాకు ఆరింటికే తెలుసు. తెలిసి కూడా ఏడున్నర దాకా కెప్టెన్ ఫోను కోసం రొట్టెలకి వెన్న రాస్తూ నిలబడ్డాను. గంటన్నర. మంట వచ్చిన రోజయితే వంతెన మూసుకుపోవడానికి అందులో సగం చాలు. ఆ తప్పు నాదే, గ్రెయమ్‌ది కాదు."

"బెవ్, చాలు" అన్నాడు గ్రెయమ్.

లెస్ తల ఎత్తలేదు. ఎత్తుతాడని నేను అనుకోనూ లేదు.

"లిస్టు ఎవరింటికైనా మార్చుకోండి. పద్నాలుగు నంబర్లూ నాకు నోటికొచ్చు. ఈసారి ఆరింటికే చేస్తాను, పద్నాలుగు ఇళ్ళకీ నేనే చేస్తాను, ఎవర్నీ అడక్కుండా. ట్రక్కు మీద ఎవరు నిలబడతారో ఎవరు దిగిపోతారో మీరు చూసుకోండి. అది మీ పని."